నర్సయ్యగారి కొండ

మెల్బోర్న్ శివార్లలోని క్రెయిగీబర్న్‌లో కొత్తగా లేచే ఇళ్ళకి రంగులు మూడే మూడు: బూడిదరంగు, లేత బూడిదరంగు, ముదురు బూడిదరంగు. కనకరాజు తొమ్మిదేళ్ళుగా ఈ మూడింటినీ రోలర్‌తో గోడలకి ఎక్కిస్తున్నాడు. మనిషిది పాలకొల్లు. అక్కడ 'రాజు ఆర్ట్స్' అని సైన్‌బోర్డుల షాపు ఉండేది. సిమెంటు ప్రకటనైనా, ఎన్నికల గుర్తైనా, లారీ వెనక తల్లిదండ్రుల దీవెనలైనా కుంచె ఇతనే పట్టాలి. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. మనిషంత బొమ్మ గంటలో మిషన్లోంచి దిగిపడుతుంటే కుంచె ఎవడిక్కావాలి? షాపు మూతపడింది. భార్య హరిప్రియకి నర్సు ఉద్యోగం మీద వీసా వస్తే ఆవిడ వెనకే మెల్బోర్న్ వచ్చి, చేతికి అలవాటైంది రంగొక్కటే గనక ఇళ్ళ రంగుల పనిలో చేరాడు. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "పెయింటర్నండి" అనేవాడు. అబద్ధమైతే కాదు కదా.

ఊరి చివర, ఇళ్ళింకా పాకని చోట, పాత చెక్క ఇంట్లో ఒక ముసలాయన ఒంటరిగా ఉంటాడు. పేరు నార్సీస్. కిటికీలకి రంగు వెయ్యడానికి వెళ్ళిన మొదటిరోజే కనకరాజు ఆయన్ని నర్సయ్యగారిని చేసేశాడు. ఆయనా పలికాడు. స్పెయిన్‌లో కతలోనియా అనే ప్రాంతంలో ఓ కొండపల్లె ఆయనది. ఇరవయ్యో ఏట ఆస్ట్రేలియా ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చాడు. రెండేళ్ళు చెరుకు నరికి, మిగతా అరవై ఏళ్ళూ బొమ్మలు వేశాడు. మనుషుల్ని వెయ్యడు. కొండలు, ఎండుగడ్డి, యూకలిప్టస్ చెట్లు, రాళ్ళు పేర్చిన కంచెలు, అంతే. అవైనా ఉన్నదున్నట్టు వెయ్యడు. గడ్డి నారింజరంగులో, నీడలు ఊదారంగులో, ఆకాశమంతా విడివిడి కుంచె దెబ్బలు. పోస్ట్ ఇంప్రెషనిజం అంటారట. గోడల నిండా ఉన్న ఆ బొమ్మల్ని చూసి కనకరాజు, పాపం, పూర్తిచెయ్యడానికి ఓపిక లేక వదిలేశారనుకున్నాడు.

ముసలాయనకి చూపు మధ్యలో పోయింది. ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కనున్నది కొంచెం కనబడుతుంది. కనకరాజుని చూడాలంటే గోడకేసి తిరిగేవాడు. తన మొహం చూడటం ఇష్టం లేదేమోనని ఇతను రెండురోజులు బాధపడ్డాడు కూడా. మూడోరోజు ముసలాయన అలాగే గోడకేసి తిరిగి అడిగాడు.

"అద్దానికి టేపు అంటించకుండా రంగు వేస్తున్నావే. గీత వంకర పోదా?"

"చెయ్యి ఉంది కదండీ," అన్నాడు కనకరాజు.

ఆ ఒక్క మాటకే ముసలాయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కౌన్సిల్ వాళ్ళు, అంటే ఆ ఊరి మున్సిపాలిటీ వాళ్ళు, ఆయన అరవై ఏళ్ళ పనిని ప్రదర్శనకి పెడుతున్నారు. ఒక కొత్త బొమ్మ కూడా కావాలన్నారు. కళ్ళు పోయాయని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు, సరేనన్నాడు. ఇంటి ఎదురుగా ఉన్న కొండని వెయ్యాలని ఆయన ఆశ. వచ్చే ఏడు దాన్ని ప్లాట్లు చేస్తున్నారు.

"చెయ్యి నీది, కళ్ళు నీవి. మిగతాదంతా నాది. ఎవరికీ చెప్పకు," అన్నాడు.

అలా శుక్రవారం మధ్యాహ్నాలు మొదలయ్యాయి. మొదటి శుక్రవారమే గొడవైంది. సైన్‌బోర్డులో ప్రతి అక్షరానికీ నల్ల నీడ పెడితేనే అక్షరం లేచి నిలబడుతుంది. కనకరాజు చెట్టుకీ అదే పెట్టాడు.

"ఏంటది?" అన్నాడు ముసలాయన.

"నీడండి."

"నీడ నల్లగా ఉంటుందని నీకెవడు చెప్పాడు?"

"మా పాలకొల్లులో అలాగే ఉంటుందండి."

ముసలాయన బల్లంతా తడిమి నల్లరంగు ట్యూబు పట్టుకుని కిటికీలోంచి అవతల పారేశాడు. కనకరాజు వెళ్ళేటప్పుడు దాన్ని ఏరుకుని జేబులో వేసుకున్నాడు. రంగు పారేస్తే అతని ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ పైన ప్రతివారం తిట్లే. అంచు నున్నగా వస్తే తిట్టు, రంగు రంగులో కలిసిపోతే తిట్టు. "సబ్బుపెట్టె మీద బొమ్మ వేస్తున్నావా?" అనేవాడు. నిజానికి కనకరాజు సబ్బుల బొమ్మలు చాలా వేశాడు, బాగానే వేశాడు, కానీ ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. తొమ్మిదో వారం, ఊదారంగు పక్కన పసుపు ఒక్క దెబ్బ వెయ్యగానే కొండ కదిలినట్టయింది. కనకరాజుకి ఒళ్ళు ఝల్లుమంది. షాపు మూసిన నాటి నుంచీ అంత సంతోషం ఎరగడు. ఎవరికీ చెప్పకన్నా భార్య దగ్గర దాచలేక, ఇంటికెళ్ళి చెప్పాడు.

"కొండ లేచిందే!"

"ఎప్పుడూ అక్కడే ఉండే కొండ, ఇప్పుడు లేవడమేంటండీ?" అంది హరిప్రియ. "ఫ్రైడే మధ్యాహ్నం వస్తే చాలు, పెళ్ళికొడుకులా తయారైపోతున్నారు. నా డ్యూటీ రోస్టర్ కూడా మీకు ఇంత బాగా గుర్తుండదు."

పదకొండో వారం ముసలాయన పక్కకి తిరిగి చాలాసేపు చూసి, "చాలు, ఆపు," అన్నాడు. మర్నాడే కౌన్సిల్ వాళ్ళొచ్చి బొమ్మ పట్టుకెళ్ళిపోయారు.

ప్రదర్శన ఓ శనివారం, కౌన్సిల్ హాల్లో. కనకరాజుతో హరిప్రియా, వాళ్ళ వీధిలో ఉండే మంగతాయారు ఆంటీ వచ్చారు. కారులో సీటు ఖాళీగా ఉందంటే ఆంటీ ఎక్కడికైనా వస్తారు. కొండ బొమ్మని గోడ మధ్యలో పెట్టి దీపం వేశారు. ప్రదర్శన చూసుకునే కౌన్సిల్ ఆవిడ మైకు పట్టుకుని, కుడిచేతి కింది మూల చూడమంది. అక్కడున్న తెల్లటి సుడులు, మెలికలు గమనించండి, చివరి రోజుల్లో చిత్రకారుడు గడ్డికి ఒక లిపి కనిపెట్టాడు, అంది. అందరూ తలలాడించారు.

మంగతాయారు ఆంటీ కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగారు.

"రాజు ఆర్ట్స్, పాలకొల్లు, సెల్..." అని నంబరుతో సహా పైకే చదివారు. "అదేంటి రాజూ, ఇది మీ షాపే కదా!"

కనకరాజూ వంగి చూశాడు. తన చేతిరాతే. పని అవ్వగానే మూలన పేరు రాయడం ఇరవై ఏళ్ళు చేశాడు. ఆరోజు ముసలాయన "చాలు" అని టీ పెట్టుకోడానికి లేచాడు. కుంచె కడిగేలోపు ఇతని చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. నీడ మాత్రం ఊదారంగులో పెట్టింది.

హరిప్రియ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నోరెత్తకండి. ఈ హాల్లో తెలుగు చదవడమొచ్చినవాళ్ళం ముగ్గురం. ఆంటీకి నేను సర్దిచెప్తాను."

మాట తెలివైనదే. చెప్తే ముసలాయన గుట్టు నలుగురిలో రట్టవుతుంది, ఆయన చచ్చినా క్షమించడు, శుక్రవారాలు పోతాయి. మళ్ళీ రోలరు, మళ్ళీ మూడు బూడిదరంగులు. కనకరాజు చీజు ముక్కలు పెట్టిన బల్ల దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి చూస్తే, వచ్చినవాళ్ళంతా కుర్చీలో ఉన్న ముసలాయన చెయ్యి పట్టుకుని "ఆ లిపి అద్భుతం" అంటున్నారు. ఆయన ఏ లిపో తెలియక పిచ్చి నవ్వు నవ్వుతున్నాడు. తన బొమ్మ మీద అంత మందికీ కనబడేది తనొక్కడికే కనబడదు. కనకరాజు అది భరించలేకపోయాడు. వెళ్ళి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నర్సయ్యగారూ, ఆ మూలనున్నది గడ్డి కాదండి. నేను రాశాను."

"ఏం రాశావు?"

"నా పేరండి. అలవాటుకొద్దీ చెయ్యి రాసేసింది. తప్పయిపోయింది."

"పొడుగ్గా ఉన్నట్టుంది. పేరొక్కటేనా?"

"ఊరు కూడానండి. ఫోన్ నంబరు."

ముసలాయన గోడకేసి తిరిగాడు. అంటే ఇతన్ని చూస్తున్నాడన్నమాట.

"ఆ నంబరుకి చేస్తే ఎవరైనా ఎత్తుతారా?"

"ఎత్తరండి. షాపుతోపాటే పోయింది."

ముసలాయన కర్ర ఊతం పట్టి లేచాడు. హాలంతా సద్దుమణిగింది.

"ఈ కొండ నేను వెయ్యలేదు. నాకు కళ్ళు కనబడవు, మీకు చెప్పడానికి సిగ్గేసింది. నేను చెప్పాను, ఇతను వేశాడు. ఆ మూలనున్నది ఇతని పేరు. ఫోన్ నంబరు తప్పుంది, సోమవారం వచ్చి మారుస్తాడు."

కౌన్సిల్ ఆవిడ చేతిలోని కాగితం తిరగేసి చూసుకుంది. వెనకాల వైపు ఏమీ లేదు. ముందుగా చప్పట్లు కొట్టింది మంగతాయారు ఆంటీయే, తర్వాత ఇంకెవరో అందుకున్నారు.

ముసలాయన కూర్చుంటూ గొంతు తగ్గించాడు.

"నా పేరు కూడా నువ్వే రాయి. నాకు అక్షరం కనబడి మూడేళ్ళయింది."

కనకరాజుకి ఏడుపు ఆగలేదు. చొక్కా చేతితో మొహం తుడుచుకుని, షాపుకొచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగినట్టే అడిగాడు.

"పైన రాయమంటారా, కింద రాయమంటారా అండి?"

"పక్కన," అన్నాడు నర్సయ్యగారు.