గిజెలా గారి చూపు

ఒక మనిషి చూపు మీద పడిన నింద నిజానికి నాది. దాన్ని ఆమె మీద నుంచి తీసి నా మీద వేసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకేనేమో చెప్పగలుగుతున్నాను.

మాది కరీంనగర్ వైపు. జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉంటాం. కార్ల బ్రేకు భాగాలు చేసే కంపెనీలో నాది కొలతల విభాగం. వెంట్రుకవాసి తేడా కనిపించినా ఆ భాగాన్ని పక్కన పెట్టించడమే నా ఉద్యోగం. ఇది గుర్తుంచుకోండి. తెలియక చేశాననే అవకాశం నాకు లేదు.

మా ఊరి షూటింగ్ క్లబ్బుకు నన్ను ఒక ఆఫీసు స్నేహితుడు తీసుకెళ్ళాడు. అక్కడే గిజెలా గారిని చూశాను. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి. మందుల షాపు నడిపి రిటైరయ్యారు. పాతకాలపు సైనిక రైఫిళ్ళతో గురి పోటీలుంటాయి ఇక్కడ. వాటిలో దుర్భిణీ బిగించకూడదు. గొట్టం కొసన ఒక ఇనుప మొన, ఇవతల ఒక ఇనుప గాడి, వాటి వెనక మన కన్ను. అంతే. గిజెలా గారి రైఫిల్ నూరేళ్ళు దాటినది. మా నెకర్ నది ఒడ్డునే ఒక ఊళ్ళో తయారై, స్వీడన్ సైన్యానికి వెళ్ళి, ఎన్ని చేతులు మారిందో, చివరికి ఆమె దగ్గరికి చేరింది. దాంతో ఆమె వంద మీటర్ల దూరాన కాల్చిన ఐదు గుండ్ల రంధ్రాలూ ఒక నిమ్మకాయ వెనక దాక్కునేవి.

కొట్లో దొరికే తూటాలు అలాంటి ముసలి రైఫిల్‌కు నప్పవు. ఆమె తన తూటాలు తానే చేసుకునేవారు. దానికి ఇక్కడ కోర్సు చదవాలి, పరీక్ష రాయాలి, అనుమతి తెచ్చుకోవాలి. నేనూ అవన్నీ పూర్తి చేశాక నన్ను తన కెల్లర్‌లోకి రానిచ్చారు. ఇంటి కింద చిన్న గది. గోడకు బల్ల, తూటాలోకి గుండును నొక్కడానికి బల్లకు బిగించిన ప్రెస్, పక్కన త్రాసు. కిందికి దిగేముందు ఫోను పైనే వదిలేయాలి.

ఆమె పని చేస్తుంటే చూడటం నాకు దొరికిన అదృష్టాల్లో ఒకటి. ఒకసారి కాల్చిన ఇత్తడి గొట్టాలను కడిగి, ఆరబెట్టి, వేలి కొసతో ఒక్కొక్కదాని అంచు తడిమి చూసేవారు. పసిపిల్లకు మందు తూచినట్టు మందుగుండు తూచేవారు. ఒక చలికాలమంతా ఆ రైఫిల్‌కు ఏది నచ్చుతుందో వెతికారు. ఒకటి మార్చడం, వెళ్ళి కాల్చడం, గురి అట్ట మీద పడ్డ రంధ్రాలను చూడటం, మళ్ళీ ఇంకొకటి మార్చడం. “తొందరపడితే రెండు మార్చేస్తాం. అప్పుడు ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు” అనేవారు. చివరికి దొరికింది. ఇత్తడి గొట్టంలో గుండును మామూలుకన్నా కొంచెం పైకి ఉంచాలి. గోరంత తేడా. ఆ తేడాతోనే ఆ రైఫిల్ గురి కుదిరింది.

క్లబ్బులో అందరూ అందరినీ ‘డూ’ అంటారు, అంటే ‘నువ్వు’. నేనూ ఆమెను అలాగే పిలిచాను. కానీ తెలుగులో రాస్తుంటే ‘మీరు’ తప్ప చెయ్యి కదలడం లేదు.

ఆ వసంతంలో క్లబ్బు జట్టులో ఒక్క చోటు మిగిలింది. ఒక పోటీ పెట్టారు. బరిలో మిగిలింది గిజెలా గారూ నేనూ. పోటీకి ముందు ఆమెకు భుజం నొప్పి చేసింది. గొట్టాల్లో మందు ఆమే తూచి పోశారు. గుండ్లను దించడానికి మాత్రం ప్రెస్ పిడి నన్ను లాగమన్నారు. అంతకు కొద్దిరోజుల ముందు నా రైఫిల్ తూటాల కోసం ఆ ప్రెస్ అమరికను నేనే మార్చాను. తిరిగి ఆమె కొలతకు తేవడం మరిచిపోయాను. గుండ్లన్నీ లోతుగా దిగాయి. ప్రమాదమేమీ లేదు, ఆమె మందు ఎప్పుడూ తక్కువే పోసేవారు. గురి మాత్రం చెదిరిపోతుంది. ప్రతి తూటానూ కొలిచే మనిషి ఆ రోజు కొలవలేదు. “నువ్వు చేశావుగా” అని పెట్టె మూసేశారు.

ఇంతవరకూ అది పొరపాటే. పొరపాటును ఎవరైనా క్షమిస్తారు.

పోటీ ఉదయం ఆమె పెట్టె తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. గుండ్లు లోతుగా దిగాయని చూడగానే తెలిసిపోయింది. నా కళ్ళకు అదే పని కదా. ఆమె సంచీలో సరైన కొలతతో చేసిన పాత తూటాల పెట్టె ఇంకొకటి ఉందని కూడా నాకు తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. మింగేశాను.

ఎందుకు? నా తప్పు బయటపడుతుందన్న సిగ్గా? అలాగే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు కొంచెం గౌరవంగా వినిపిస్తుంది. కానీ ఆ చోటు నాకు కావాలి. ఏళ్ళుగా చూడటానికొచ్చే ఇండియా మనిషిగానే మిగిలిపోయిన నాకు, ఆ గోడ మీద జట్టు ఫొటోలో నా మొహం కావాలి. రెండిట్లో ఏది ముందో ఇప్పటికీ తేల్చుకోలేను. తేల్చుకుంటే మాత్రం ఏం మారుతుంది?

ఆమె కాల్చారు. రంధ్రాలు అట్ట నిండా చెల్లాచెదరయ్యాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ కాల్చినా అంతే. లేచి నా వైపు తిరిగారు.

“తూటాలు బాగానే ఉన్నాయి కదా?”

“బాగానే ఉన్నాయి” అన్నాను.

“అవును, నువ్వు చేసినవి. అయితే నా కళ్ళే.”

నా భుజం తట్టి, “బాగా కాల్చు” అని పక్కకు జరిగారు.

నేను బాగానే కాల్చాను. ఇంటికెళ్ళాక మా ఆవిడ, “గెలిచినవ్ గదా, మొఖం గట్ల పెట్టినవేంది?” అంది. అలసట అన్నాను.

గిజెలా గారు పోటీలు మానేశారు. కంటి డాక్టరు లోపమేమీ లేదన్నా ఆమె నమ్మలేదు. అట్ట అబద్ధం చెప్పదు కదా అన్నారు. మరుసటి ఏడాది కారు అమ్మేశారు. ఎవరినైనా గుద్దేస్తానేమోనని భయమట. కొండదారుల్లో ఒంటరిగా కారు నడపడమంటే ప్రాణం ఆమెకు. ఆ రైఫిల్‌ను కాగితాలు మార్పించి నా పేరు మీద పెట్టారు. దానికి తూటాలు ఎలా చేయాలో, తనకు చలికాలమంతా పట్టిన విద్యను, ఏదీ దాచకుండా నాకు నేర్పారు. నేను గెలిచిన ప్రతిసారీ నాకన్నా ఎక్కువ సంతోషించారు. ద్వేషించి ఉంటే బతకడం సులువయ్యేది.

పోయిన ఆదివారం ఆమెకు చెప్పాను. వంటగదిలో కూర్చుని ఉన్నాం. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె అడిగిన మొదటి మాట, “ఎంత లోతు?”

చెప్పాను. ఆమె చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చి ఆ సందును చూసుకున్నారు. లెక్క వేస్తున్నారని అర్థమైంది.

“అయితే అంతే చెదరాలి” అన్నారు. “అంటే అప్పుడు నా కళ్ళు బాగానే ఉండేవి.”

ఆమె మొహంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. కోపానికంటే ముందు వచ్చిన ఆ సంతోషం నన్ను కూర్చోనివ్వలేదు. రైఫిల్ తిరిగి తెచ్చిస్తానన్నాను.

“ఇప్పుడెందుకు? ఇప్పుడు నిజంగానే కనబడటం లేదు.” లేచి తలుపు దాకా వచ్చారు. “మళ్ళీ ఎప్పుడు రావాలో నేను చెప్తాను. నువ్వుగా రాకు.”

క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

ఇంతవరకూ ఆమె దగ్గర నుంచి ఫోను రాలేదు. రాకపోవచ్చు కూడా. కానీ నిన్న క్లబ్బులో ఎవరో, “పాపం గిజెలా, కళ్ళు దెబ్బతీశాయి గానీ” అంటుంటే లేచి నిలబడ్డాను. కళ్ళు కాదు, తూటాలు నేను పాడుచేశాను, తెలిసీ నోరు మూసుకున్నాను అన్నాను. నా ఊపిరి చాలా ఏళ్ళకు అడుగుదాకా దిగింది.