కోటయ్య ఎడమ చెయ్యి

1978 ఎండాకాలం. విజయవాడ వన్ టౌన్‌లో లారీ బుకింగ్ ఆఫీసులు వరసగా ఉండే సందు పక్కన, ఒక ప్రైవేటు డాక్టరు గారి క్లినిక్‌లో నేను నర్సుగా చేస్తున్నాను. గుణదల నుంచి రోజూ సిటీ బస్సులో వచ్చేదాన్ని. ముందు గదిలో రెండు బెంచీలు, నా బల్ల, బల్ల మీద పాదరసం బీపీ మిషను. లోపలి గదిలో డాక్టరు గారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం జ్వరాల వాళ్ళయితే మిగతా సగం లారీ డ్రైవర్లు. హెవీ లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కళ్ళు, చెవులు, గుండె, బీపీ అన్నీ బాగున్నాయని సంతకం పడితేనే మళ్ళీ స్టీరింగు.

రోడ్డు మీద ఎవరినీ లెక్కచేయని ఆ మనుషులు నా బల్ల ముందుకొచ్చేసరికి పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఒదిగిపోయేవారు. వాళ్ళ దిగులంతా బీపీ గురించే. వారం ముందు నుంచీ ఉప్పు మానేసేవారు. మునగాకు రసం తాగేవారు. ఒకాయనైతే ఒళ్ళు చల్లబడితే బీపీ కూడా చల్లబడుతుందని పొద్దున్నే కృష్ణలో మునిగి, తడిజుట్టుతో వణుకుతూ వచ్చాడు. చన్నీళ్ళకి బీపీ పెరుగుతుందే తప్ప తగ్గదని చెబితే, నేను కావాలని అంటున్నానన్నట్టు చూశాడు.

బీపీ చూడటమంటే పెద్ద విద్యేమీ కాదు. కఫ్ అనే గుడ్డ పట్టీని జబ్బకి చుట్టి, గాలి కొట్టి బిగిస్తే చేతిలో రక్తం ఆగిపోతుంది. మెల్లగా గాలి వదులుతుంటే రక్తం మళ్ళీ తోసుకొస్తుంది. ఆ మొదటి చప్పుడు స్టెతస్కోపులో వినబడిన చోట పై అంకె, చప్పుడు మాయమైన చోట కింది అంకె. ఆ రెండింటికీ మధ్య మన చెయ్యి టకటకా కొట్టుకోవడం మనకే తెలుస్తుంది.

ఇందులో నాకు నేనుగా పెట్టుకున్న పద్ధతి ఒకటుండేది. డ్రైవర్లలో చాలామందికి కుడి జబ్బకి నల్లదారంతో తాయెత్తు ఉండేది. దాన్ని విప్పమంటే పేచీ. అందుకని ఎవరొచ్చినా ఎడమ చేతికే పట్టీ చుట్టి పని కానిచ్చేసేదాన్ని. రెండు చేతులకీ చూడమని ట్రైనింగులో చెప్పారు. చెప్పినవన్నీ చేస్తే మధ్యాహ్నానికి బెంచీ ఖాళీ అవదు.

కోటయ్య అలా వచ్చినవాడే. పామర్రు మనిషి, నలభై దాటాయి. పామర్రు మిల్లుల నుంచి వన్ టౌన్ గోడౌన్లకి బియ్యం బస్తాలు తోలేవాడు. ఉతికిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, తక్కువ మాటలు. చూడగానే ఇతనికేం ఢోకా లేదనుకున్నాను. పట్టీ చుట్టి గాలి కొట్టాను. పైది నూట తొంభై ఆరు, కిందిది నూట పదహారు.

తప్పు చూశానేమో అని మళ్ళీ కొట్టాను. అదే. అప్పుడు గమనించాను, మిగతా డ్రైవర్లలా అతను పాదరసం వంక చూడటం లేదు. నా మొహం వంకా చూడటం లేదు. బెంచీ మీద తనకి ఎడమ పక్కనున్న ఖాళీ వంక చూస్తున్నాడు. ఊపిరి బిగబట్టి, అక్కడెవరో కూర్చుని ఉంటే చూసినట్టు చూస్తున్నాడు. నేనూ అటు చూశాను. ఏమీ లేదు. ఉత్త చెక్క బెంచీ.

లోపల డాక్టరు గారు సర్టిఫికెట్ కాగితం పక్కన పెట్టేశారు. "ఏవయ్యా, ఈ బీపీతో లారీ తోల్తావా? దారిలో పడిపోతే ఎదురొచ్చేవాడి గతేంటి? మందు రాస్తున్నా, నాలుగు రోజులాగి రా."

"లైసెన్సు ఇంకో పది రోజులేనండీ," అన్నాడు కోటయ్య. "ఓనరు గారు ఇంకో డ్రైవర్ని మాట్టాడేశారంటండీ. నాకు స్టీరింగు తప్ప ఇంకో పని రాదండీ. ఇంట్లో అయిదుగురం."

నాలుగు రోజుల తర్వాత, మందులు వాడి మరీ వస్తే, పై అంకె రెండు వందలు. మనిషి చిక్కిపోయాడు. ఉప్పు మానేశాడట, కూర కూడా మానేసి మజ్జిగన్నం తింటున్నాడట. ఆ రోజు నాకెందుకో పట్టీ కట్టకముందే అతని నాడి చూడాలనిపించింది. డెబ్బై ఆరు, నింపాదిగా ఉంది. పట్టీ బిగించి వదిలాక మళ్ళీ చూశాను. నూట ముప్పై.

డాక్టరు గారితో చెబితే, "భయం. అందరికీ ఉండేదే," అన్నారు.

"అందరికీ గుమ్మం ఎక్కేటప్పుడే మొదలవుతుందండీ. ఇతనికి పట్టీ బిగిశాకే మొదలవుతోంది."

ఆయన తలెత్తారు. "రెండో చెయ్యి చూశావా?"

నాలుక్కరుచుకున్నాను. ఆ చేతికి తాయెత్తు ఉందని సంజాయిషీ చెప్పబోయి మానేశాను. ఒక చేతి రక్తనాళంలో లోపముంటే రెండు చేతులకీ అంకెలు తేడా వస్తాయి. అది చూడకుండా ఇతన్నొక్కణ్ణే కాదు, ఎంతమందిని పంపించేశానో. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడే రమ్మన్నాం. తాయెత్తు విప్పమంటే కోటయ్య మొహం పాలిపోయింది. "ఇది మొన్న నవంబరు ఉప్పెన తర్వాత కట్టించుకుందండీ. కింద పెట్టకూడదండీ," అన్నాడు. బల్ల మీద పెడతానన్నా ఒప్పుకోలేదు. చివరికి నా యాప్రాన్ జేబులో వేసుకున్నాను. అందులో నా సిలువ జపమాల ఉంది. ఇద్దరూ సర్దుకుంటారులే అని మనసులో అనుకున్నాను.

కుడి చేతికి నూట ముప్పై రెండు, ఎనభై నాలుగు. పెళ్ళికొడుకు బీపీ.

డాక్టరు గారు పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే డయల్ మిషను ఒకటుండేది. అది తెచ్చి కోటయ్య కుడి చేతికి ఆయన కట్టారు, ఎడమ చేతికి పాదరసం మిషను నేను కట్టాను. ముందు ఆయనొక్కరే చూశారు. నూట ముప్పై. "ఇప్పుడు నువ్వు బిగించు," అన్నారు నాతో. నేను గాలి కొట్టాను. కోటయ్య చూపు మళ్ళీ ఆ ఖాళీ వైపు తిరిగింది. ఆయన కుడి చేతికి మళ్ళీ చూశారు. నూట తొంభై ఎనిమిది.

ఆయన చెవుల్లోంచి స్టెతస్కోపు తీసేశారు. రక్తనాళంలో లోపం లేదు. ఎడమ జబ్బ బిగిస్తే చాలు, మనిషి మొత్తంగా బెదిరిపోతున్నాడు. "ఏవుందయ్యా ఆ చేతిలో?" అని అడిగారు, ఎప్పుడూ లేనంత మెల్లగా.

కోటయ్య చెప్పాడు. మామూలుగా చెప్పాడు, ఏడవకుండా.

"ఉప్పెనకి మా లారీని అవనిగడ్డ దిగువకి పంపారండీ. శవాలెత్తడానికి. మూడో రోజు, మిట్టమధ్యాన్నం. ఎండ తెల్లగా కాస్తోంది. ఎత్తే మనుషులు చాలక నేనూ దిగి సాయం పట్టానండీ. ఒకావిడ. చేతికి ఆకుపచ్చ గాజులు. అంత ఉప్పెనలో ఒక్క గాజూ పగల్లేదండీ. ఆవిణ్ణెత్తి లోపల పెడతా ఉంటే ఆ చెయ్యి నా ఎడం జబ్బ పట్టుకుందండీ."

"తగిలి ఉంటుంది," అన్నాను.

"పట్టుకుందండీ. మీ పట్టీలాగే, మెల్లిగా బిగిసింది. బిగిసి, టక్ టక్ టక్ అని కొట్టుకుంది. తర్వాత వదిలేసింది."

అంత ఎండాకాలంలోనూ నా చేతుల మీద రోమాలు లేచాయి.

"మీరేం చేశారు?"

"విదిలించుకున్నా. తలుపేసేసి లారీ తోలేశా. పూడ్చే గొయ్యి దగ్గిర్లోనేనండీ, రెండు ఫర్లాంగులుంటుంది. అక్కడ దింపేటప్పుడు నేను దిగలేదు. ఎవ్వరికీ చెప్పలేదండీ, ఇంట్లో కూడా. ఇప్పుడు గేరు మార్చినప్పుడల్లా ఎడం పక్కన ఎవరో ఉన్నట్టుంటది. నేనాగి చూడాల్సిందండీ." అప్పుడు నా వైపు తిరిగాడు. "సిస్టరు గారూ, చచ్చిపోయిన మనిషి చేతిలో అలా కొట్టుకుంటుందాండీ?"

అతను నిజంగా అడుగుతున్నది అది కాదని నాకూ డాక్టరు గారికీ తెలుసు. తాను బతికున్న మనిషిని గోతికి తోలుకెళ్ళాడా అని అడుగుతున్నాడు. అతని ఎడమ చేతికి పట్టీ ఇంకా బిగిసే ఉంది. గాలి వదలడం మర్చిపోయాను. మిషనులో పాదరసం దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. ఎవరూ ముట్టుకోవడం లేదు. ఒక్క క్షణం నాకే భయమేసింది. ఆ తర్వాత, రోజూ చూసే ఆ పాదరసం ఎందుకు ఎగురుతుందో గుర్తొచ్చింది.

పట్టీ విప్పి, ఒక తువ్వాలు చుట్టగా చుట్టి దానికి కట్టాను. గాలి కొట్టాను. "పాదరసం చూడండి. కదులుతోందా?"

"లేదండీ."

"చెయ్యేసి చూడండి. కొట్టుకుంటోందా?"

"లేదండీ."

మళ్ళీ అతని ఎడమ జబ్బకి కట్టి, స్టెతస్కోపు అతని చెవుల్లోనే పెట్టాను. గాలి కొట్టి మెల్లగా వదిలాను. చప్పుడు వినబడగానే బెంచీ మీంచి లేవబోయాడు. డాక్టరు గారు భుజమ్మీద చెయ్యేసి కూర్చోబెట్టారు.

"ఇదేగా ఆ రోజు మీకు తెలిసింది?" అన్నాను. "ఈ పట్టీ గుడ్డా రబ్బరూ. దీనికి ప్రాణం లేదు. తువ్వాలుకి కడితే ఊరుకుంది, మీ చేతికి కడితే కొట్టుకుంటోంది. బిగించింది ఏదైనా సరే, కొట్టుకునేది మీ రక్తమే. ఆ రోజు కొట్టుకుంది కూడా మీరేనండీ, ఆవిడ కాదు."

అతను చాలాసేపు విన్నాడు. చప్పుడు ఆగిపోతే మళ్ళీ కొట్టమని సైగ చేశాడు. నాలుగుసార్లు కొట్టాను. నాలుగోసారికి కళ్ళు మూసుకున్నాడు, నీళ్ళు కారిపోతున్నాయి. అయిదోసారి నేను చూస్తే ఎడమ చేతికి నూట యాభై రెండు. తాయెత్తు ఇస్తే చొక్కా జేబులో వేసుకున్నాడు, చేతికి కట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత రెండు చేతులకీ నూట ముప్పై ఆరు వచ్చింది. డాక్టరు గారు మందు ఆపేయమని చెప్పి సంతకం పెట్టారు. లైసెన్సు గడువు ఇంకా మూడు రోజులుంది. కోటయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దణ్ణం పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"కొట్టుకుంది నేనే, సరేనండీ. మరి పట్టుకుంది?"

"నీళ్ళలో శవాలు బిగుసుకుపోతాయి. కదిపినప్పుడు వేళ్ళు చిక్కుకుంటాయి."

"మూడో రోజుక్కూడానా అండీ?"

"చన్నీళ్ళలో ఉంటుంది," అన్నాను.

అతను తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. డాక్టరు గారు కలం మూత పెడుతూ, నా వైపు చూడకుండా, "మూడో రోజు మిట్టమధ్యాహ్నానికి ఆ బిగువు సడలిపోతుంది సిస్టర్," అన్నారు.

"తెలుసండీ."

"అంత గట్టిగా బిగిస్తేనే అతని నాడి అతనికి తెలుస్తుంది. ఊరికే చిక్కుకున్న వేళ్ళకి తెలీదు."

"అదీ తెలుసండీ. వెనక్కి పిలిచి చెప్పమంటారా?"

ఆయన తర్వాతి పేషెంటుని పంపమన్నారు.

చన్నీళ్ళలో కాస్త ఎక్కువసేపు బిగిసి ఉండే మాట నిజమే. నేను పూర్తిగా అబద్ధం చెప్పలేదు, పూర్తిగా నిజమూ చెప్పలేదు. దానికి నేను సిగ్గుపడను. అతని ఇంట్లో అయిదుగురు. ఆ గోతిలో ఏముందో తవ్వి చూపించడం నా ఉద్యోగం కాదు. కానీ అతను దింపుకున్న బరువు ఎక్కడికీ పోలేదు, నా దగ్గరికొచ్చింది.

ఆ కేసు తర్వాత నేను రెండు పద్ధతులు మార్చుకున్నాను. ఎంత పేచీ పెట్టినా తాయెత్తు విప్పించి రెండు చేతులకీ బీపీ చూడటం ఒకటి. రెండోది ఏ పుస్తకంలోనూ లేదు. తర్వాత పెద్దాసుపత్రిలో చేరి వార్డుల్లో పనిచేసినన్నాళ్ళూ, ఎవరైనా పోయారని డాక్టరు రాసేశాక కూడా, గుడ్డ కప్పేముందు ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఒక నిమిషం కూర్చునేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్ళు నేను ప్రార్థన చేస్తున్నాననుకునేవారు. నేను నాడి చూస్తూండేదాన్ని, అంతే.

ఒక్క చెయ్యి కూడా తిరిగి నా చెయ్యి పట్టుకోలేదు. కాకపోతే గట్టిగా పట్టుకున్నప్పుడు ఒక్కోసారి నా వేళ్ళ కింద ఏదో కొట్టుకున్నట్టుండేది. మన వేలి కొసల్లో కొట్టుకునేది మన నాడే, అది నర్సులందరికీ తెలుసు. అయినా కోటయ్యకి చెప్పినంత ధీమాగా ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోయేదాన్ని. వేళ్ళు కాస్త వదులు చేసి, ఇంకో నిమిషం కూర్చునేదాన్ని.