మేడంను ముందు బెంచీలో కూర్చోబెట్టిన పిల్ల

తిరుపతి బస్టాండు దగ్గర అంగట్లో పెరిగినదాన్ని. మా నాయన బేరమాడుతుంటే పక్కన కూర్చుని బతుకు నేర్చుకున్నాను. ఈనాటికీ ఆటోవాడు చెప్పిన రేటులో సగం అడుగుతాను. వాడు దండం పెట్టి వెళ్ళిపోతాడు. నేను ఎండలో నడిచి, "గెలిచినాను" అనుకుంటూ ఇల్లు చేరతాను. ఇట్లాంటి మనిషికి హైస్కూల్లో సైన్సు చెప్పే ఉద్యోగమిచ్చినారు. అది చాలదన్నట్టు, బి.ఎడ్. చదివేవాళ్ళు పాఠం చెప్పడం నేర్చుకోవడానికి మా స్కూలుకు వస్తే, వాళ్ళను చూసుకునే పని కూడా నాకే అప్పజెప్పినారు.

వెనక బెంచీలో కూర్చోవాల. ట్రైనీ చెప్పే పాఠం చూడాల. అయిపోయినాక తప్పొప్పులు చెప్పాల. నడుమ మాత్రం నోరు తెరవకూడదు, అదీ రూలు. కొత్తగా చేరినోడు గిరాకీని చేజార్చుకుంటా ఉంటే, గల్లాపెట్టె దగ్గరుండే పెద్దాయన చూస్తా కూర్చుంటాడా? "ఇట్ల రాక్కా, నేను చూపిస్తా" అని లేచొస్తాడు. నేనూ అట్లే లేచొచ్చేదాన్ని.

మొన్నామధ్య వచ్చిన ట్రైనీ వడమాలపేట పిల్ల. సన్నటి గొంతు. మూడో బెంచీ దాటితే ఆమె మాట ఫ్యాను రెక్కల్లో కలిసిపోయేది. ఆఖరి పాఠం చూసేదానికి బయటినుంచి ఎగ్జామినరు వస్తాడు. అందులో తప్పితే బి.ఎడ్. రాదు, అది రాకుంటే టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టేదానికి కూడా లేదు. "ఇంకో ఏడు చదివించేది నా వల్ల కాదు, సంబంధాలు చూస్తా" అని వాళ్ళ నాయన ముందే చెప్పేసినాడంట.

కష్టమంతా నాతోనే వచ్చింది. ఆమె ప్రశ్న అడగ్గానే ఆరో తరగతి తలకాయలన్నీ గిరుక్కున వెనక్కి తిరిగేవి. జవాబు నా మొహంలో చదువుకునేవాళ్ళు. తప్పు చెప్తే నా కనుబొమలు పైకి లేస్తాయంట, ఒప్పయితే కిందికి దిగుతాయంట. నా మొహంలో ఎవరూ ఏమీ కనుక్కోలేరని ఇన్నేళ్ళూ గర్వపడినదాన్ని.

ఒక సాయంత్రం స్టాఫ్ రూములో ఆ పిల్ల మెల్లగా మొదలుపెట్టింది.

"మేడం, ఎగ్జామినరు సారు వచ్చిన దినం మీరేమీ మాట్లాడగూడదు."

"సరే. రెండేరెండు సార్లు మాట్లాడతా."

"ఒక్కసారి గూడా వద్దు మేడం."

"పోనీ, దగ్గుతా. దగ్గు ఎవరికైనా వస్తాది కదమ్మా."

"మీ దగ్గు పిల్లోళ్ళకు బాగా తెలుసు మేడం. ఒక దగ్గయితే తప్పు. రెండయితే ఇంకా తప్పు."

"తలన్నా ఊపుకోవచ్చునా?"

"వద్దు."

"మరి నేనుండేది దేనికి?"

"సంతకానికి మేడం."

అంత సన్నటి గొంతు, ఒక్క మెట్టు దిగలేదు. నేను పునాది దాకా దిగిపోయినాను.

"కనుబొమలు మాత్రం నా చేతిలో లేవు తల్లీ," అన్నాను ఆఖరికి.

"అవి నేను చూసుకుంటా మేడం," అనింది.

ఎగ్జామినరు చిత్తూరు నుంచి వచ్చినాడు. నవ్వితే మార్కులు రాలిపోతాయన్నట్టుండే పెద్దాయన. వెనక బెంచీలో కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చోబోతే, ట్రైనీ మొదటి బెంచీ చూపించి, "మేడం, మీ సీటు ఈడ" అనింది.

అప్పుడర్థమైంది. ముందు కూర్చుంటే పిల్లలకు నా జడ తప్ప మొహం కనబడదు. మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకు తిరిగి సర్దుకున్నాను. నా పక్కనుండే పొట్టిపిల్ల "జరుగు మేడం" అని మోచేత్తో పొడిచింది.

ఆ రోజు పాఠం కొలతలు. కొలిచేదానికి తాడు తెస్తానని ముందు చెప్పింది. తీరా చూస్తే సంచిలోంచి కనకాంబరాల దండ తీసింది. మోచెయ్యి నుంచి వేలి కొసదాకా ఒక మూర, కొలవండని పిల్లలను పిలిచింది. వెనక బెంచీ పొడుగోడికి నాలుగు మూరలు వచ్చినాయి. పొట్టిపిల్లకు అయిదు.

"దండ ఒకటే గదా, లెక్క ఎందుకు మారింది?"

అలవాటుగా అందరూ నా కోసం చూసినారు. జడ కనిపించింది. జడ ఏమీ చెప్పలేదు. నాకు దగ్గొచ్చింది, మింగినాను. ఆ పిల్ల ఏడాది చదువు నా గొంతులో అడ్డం పడినట్టుంది.

"మేడం, మీరు రండి. మీరూ కొలవండి."

లేచి పోయినాను. దండ చేతిలో పడింది. మాది పూలంగడి. ఇంక నా ప్రమేయం లేదు. మోచెయ్యి తనంతట తాను కొంచెం మడుచుకుంది, వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి, నోరు గబగబా లెక్కపెట్టింది. ఆరు మూరలు.

పొట్టిపిల్ల లేచి నిలబడింది. "మేడం నాకంటే అంత పొడుగుంది. పొడుగు చెయ్యికి మూరలు తగ్గాల గదా, ఎట్ల ఎక్కువొచ్చినాయి?"

"వేళ్ళు ముడిసింది! నేను సూసినా!" వెనకనుంచి పొడుగోడు అరిచినాడు.

"స్కేలు పెట్టండి టీచర్! మనుసుల చేతుల్ని నమ్మేదానికి లేదు!" ఇంకో పిల్లోడు అందుకున్నాడు.

ట్రైనీ మీటరు బద్ద పైకెత్తి, "అందుకే ఇది వచ్చింది" అనింది. ఆ గోలంతా దాటి ఆమె గొంతు వెనక గోడకు తగిలింది. అక్కణ్ణుంచి పాఠం ఎట్లా పరుగెత్తిందో, నా వైపు చూసినోడు ఒక్కడు లేడు. ఎగ్జామినరు చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊపుతా ఉన్నాడు.

పాఠమైనాక ఆమెను అడిగినాడు, "మేడంకు ముందే నేర్పించి పెట్టినావా అమ్మా?"

"లేదు సార్. మా అమ్మ తిరుపతికి వచ్చినప్పుడల్లా మేడం వాళ్ళ అంగట్లోనే పూలు కొంటాది. ఇంటికొచ్చి మళ్ళా కొలుస్తాది, తిడతాది."

నేను గోడ మీద జీర్ణవ్యవస్థ చార్టు శ్రద్ధగా చదువుకున్నాను.

ఆమెను వరండాలోకి పంపి, ఎగ్జామినరు పెన్ను తీసినాడు. "మీరేమంటారు మేడం, ఎన్ని వేద్దాం?"

నేను పుట్టిందే ఇందుకు. కోరేదానికంటే ఎక్కువ చెప్పాల, ఆయన తగ్గించాల, నడుమ ఎక్కడో కలవాల. నోరు తెరిచినాను. కిటికీ అవతల ఆ పిల్ల, వద్దు మేడం అన్నట్టు రెండు చేతులూ జోడించింది.

"మీ ఇష్టం సార్," అన్నాను.

వేసినాడు. నేను బేరమాడి తేవాలనుకున్నదానికంటే ఎక్కువే వేసినాడు. బయటికొచ్చి "పాసైనావు పోమ్మా" అనగానే, ఆ పిల్ల వరండా మెట్టు మీద కూలబడి ఏడుస్తా నవ్వింది. నేనూ నవ్వినాను గానీ మనసు కుదుట పడలేదు. అడక్కుండానే అంత ఇచ్చినాడంటే, అడిగుంటే ఇంకో రెండు ఇచ్చుండేవాడు గదా.