కోళ్ళ పెరట్లో దొరికిన ఫిల్టరు డబ్బా

“గడ్డివామి అంటుకున్నాదప్పో, బిందెలు తీసుకుని రండి!”

పోయిన వారం పుత్తూరులో మా వీధి చివర నుంచి లేచిన కేక ఇది. మా వీధిలో ఎవురికీ గడ్డివామే లేదు. ఆ నల్లపొగంతా నా పాత ఫియట్టుది. ఆ మాట చెప్పేలోపలే ఎదురింటి చెంగమ్మక్క బిందెడు నీళ్ళు బానెట్టు మీద కుమ్మరించేసినాది.

సంగతేమంటే, కారుకు పదహైదేండ్లు నిండినాయి. బ్రేకు ఇనస్పెక్టరు చూసి సరే అంటేనే ఇంకా రోడ్డెక్కేది, లేకుంటే పాత ఇనుము కిందికే. మా బామ్మర్ది మునస్వామి ముందే పాత ఇనుము అంగడాయనతో మాట్లాడి పెట్టినాడు.

దాంతో నాకు పట్టుదల వచ్చినాది. మూడు వారాలు కుస్తీపడి నేనే ఇంజన్‌కు బలం పెంచినాను. పెట్రోలు ధారాళంగా పోవాలని కార్బరేటర్‌లో పెద్ద చిల్లుండే జెట్టు వేసినాను. హాయిగా ఊపిరి పీల్చుకుంటుందిలే అని గాలి ఫిల్టరు డబ్బా పీకేసినాను. ఎనిమిదో క్లాసు బుర్ర, అంతవరకే పోయినాది.

చెంగమ్మక్క నీళ్ళు పోసినా నాకు బుద్ధి రాలేదు. బానెట్టు తుడుచుకుని తిరుపతికి పోయినాను. పొగ టెస్టు చేసే ఆయన సైలెన్సర్‌లో పైపు పెట్టి, దగ్గుకుంటా పక్కకు పోయినాడు. ఇనస్పెక్టరు బానెట్టు ఎత్తి చూసి, “ఎవురప్పా ఈ పని చేసింది?” అన్నాడు.

“నేనే సార్,” అన్నాను, కొంచెం గర్వంగానే.

“తాగలేనంత పెట్రోలు పోసినావు, కాలక మిగిలిందంతా పొగైపోతా ఉండాది. కంపెనీ ఎట్లిచ్చిందో అట్ల బిగించుకుని ఎల్లుండి రా. అప్పుడూ ఇంతే అయితే నేను సంతకం పెట్టను.”

పాత జెట్టు గడ్డం గీసుకునే పెట్టెలో దొరికినాది. ఫిల్టరు డబ్బా మాత్రం ఇల్లంతా తిరగేసినా కనపడలేదు.

“ఏమే, గుండ్రంగా, తట్ట మాదిరి ఉంటాది, చూసినావా?”

“పెరట్లో చూడు. మూడు వారాలుగా కోళ్ళు దాంట్లోనే నీళ్ళు తాగతా ఉండాయి,” అన్నాది మా ఇంటామె.

పోయి చూస్తే పుంజు దానికి కాపలా. నా చెయ్యి రెండు తూర్లు పొడిచినాక గానీ వదల్లేదు. చింతపండు పెట్టి తోమి, లోపలికి కొత్త ఫిల్టరు కొని బిగించినాను.

ఆయన చెప్పిన దినానికి మళ్ళీ టెస్టు. పొగ లేదు, దగ్గు లేదు. చీటీ చూసి ఇనస్పెక్టరు, “ఇప్పుడేం చేసినావప్పా?” అన్నాడు.

“చేసిందంతా తీసేసినాను సార్.”

నవ్వి సంతకం పెట్టినాడు. రేణిగుంట నుంచి హారన్ కొట్టుకుంటానే ఇల్లు చేరినాను. ఆ మోతకు చెంగమ్మక్క మళ్ళీ బిందె ఎత్తుకుని వచ్చినాది. బిందె దించమని చెప్పి భోజనానికి పిలిచినాను. మునస్వామినీ పిలిపించినాను, వాడు చూడాల గదా.

అందరం వరసగా కూర్చున్నాం. రాగి సంగటి, కోడి పులుసు.

“కారు బాగుపడిందే బావా,” అన్నాడు మునస్వామి. “మెకానిక్కు ఎవురు?”

నేను మీసం మీద చెయ్యి వేసేలోగానే మా ఇంటామె వాడికి ఇంకో గరిటె వడ్డించినాది.

“ఈయన పీకి పారేసిన డబ్బాను మూడు వారాలు కాపాడినోడు రా. ఇదిగో, పులుసులో ఉండాడు. తిను.”