అంకుల్ చెవీ, ఆర్‌పీఎం ముల్లూ

మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదివిన రెండేళ్లూ నేను టార్నీట్‌లో ఒక అంకుల్, ఆంటీ వాళ్ల ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను. వాళ్లది చీరాల వైపు. అంకుల్ ఒక కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్లు పనిచేశారు. తయారై వచ్చిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, విని, పంపించవచ్చో లేదో చెప్పడం ఆయన పని. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక స్కూల్ బస్సు నడిపేవారు. ఆంటీ వృద్ధుల హోమ్‌లో నర్సు. ఇద్దరూ నన్ను "మెకానికల్ అబ్బాయి" అని పదిమందికీ పరిచయం చేసేవారు. బీటెక్ మెకానికల్ చదివానని నేనే గొప్పగా చెప్పుకున్నాను మరి. నాలుగేళ్లలో స్పానర్ పట్టుకుంది గ్రూప్ ఫోటో కోసమేనని మాత్రం చెప్పలేదు.

వాళ్ల గరాజ్‌లో బస్సు కన్నా, చర్చి కన్నా, ఒక్కోసారి ఆంటీ కన్నా కూడా అంకుల్‌కి ముఖ్యమైన కారు ఒకటుండేది. డెబ్బైల నాటి వీ-ఎయిట్. రెండే తలుపులు, మంచమంత బానెట్, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. స్టార్ట్ చేస్తే పక్కింటి కిటికీలు కూడా గరగరలాడేవి. ఆ మోడల్‌లో చవకరకం కావడంతో దానికి టాకోమీటర్ లేదు. అంటే, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు లేదు. అది చూసుకుని గేరు మార్చాలి కదా అని నేనంటే అంకుల్ కుడిచెవి పట్టుకుని చూపించేవారు. "ఇది ఉండగా అదెందుకబ్బాయ్?"

గొడవంతా ఆ చెవి గురించే మొదలైంది. టీవీ సౌండు రోజురోజుకీ పెంచుతున్నారనీ, మూడుసార్లు పిలిస్తే గానీ పలకడం లేదనీ ఆంటీ కనిపెట్టారు. హోమ్‌లో ఆవిడ రోజూ చూసేది చెవులు పోయినవాళ్లనే. "అంబులెన్స్ వెనకమాల వస్తే కూడా మీకు తెలవదు. ఇంత నాయిస్ చేసే కారు మీకు సేఫ్ కాదు, అమ్మేయండి" అన్నారు ఒకరోజు అన్నం దగ్గర. అంకుల్‌కి చర్రుమంది. ఇంజిన్ ఎన్ని వేలల్లో తిరుగుతోందో కళ్లు మూసుకుని చెప్తాననీ, వందకి అటూ ఇటూ అయితే అప్పుడు మాట్లాడమనీ అన్నారు.

"సరే, మీటరు పెట్టించండి. అదే చెప్పుద్ది" అన్నారు ఆంటీ.

"పెట్టిస్తా. నా లెక్క తప్పయితే కారు అమ్మేస్తా. కరెక్టయితే నువ్వు మళ్లీ ఈ టాపిక్ ఎత్తకూడదు."

ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు. నేను పప్పు వడ్డించుకుంటూ ఎవరి పక్షమూ వహించకుండా తల ఊపాను.

ఆ శనివారం పొద్దున్నే పాత కార్ల సామాన్లు అమ్మే మైదానానికి వెళ్లాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. టార్పాలిన్ల మీద హెడ్‌లైట్లు, స్టీరింగ్ చక్రాలు, డబ్బాల నిండా నట్లు. నాకేమో అరచేతి కన్నా పెద్దగా, పక్కన ఎర్రలైటు వెలిగే క్రోమ్ మీటరు నచ్చింది. గేరు మార్చాల్సిన సమయానికి ఆ లైటు కంట్లో కొడుతుంది. అంకుల్ దాన్ని చూసి నవ్వారు. "పెళ్లి ట్రాక్టర్‌కి పెట్టాలబ్బాయ్ దాన్ని." ఆయన వెతికింది వేరు. నల్లటి ముఖం, తెల్లటి అంకెలు, సన్నటి ముల్లు. కారు పుట్టిన కాలం నాటిదై ఉండాలి, కారులో కొత్త చుట్టంలా కనిపించకూడదు. చివరికి ఒక గడ్డపాయన దగ్గర అలాంటిది దొరికింది. తన పాత యూట్‌లోంచి, అంటే మన చిన్న ట్రాలీ బండిలాంటి దాన్లోంచి తీశానన్నాడు. అంకుల్ ముల్లుని చూశారు, గాజుని చొక్కా కొసతో తుడిచారు, ముల్లు ఊగుతుందేమోనని చెవి దగ్గర పెట్టుకుని కదిపారు. దాన్ని కూడా చెవితోనే కొన్నారు ఆయన.

బిగించడం ఆ మధ్యాహ్నమే. డాష్‌బోర్డులో రంధ్రం చేస్తే బాగా అమరేది గానీ అంకుల్ ఒప్పుకోలేదు. "ఈ రేకు మళ్లా దొరకదు. దీనికి బొక్క పెట్టేదానికి నాకు చేతులు రావు." అందుకని స్టీరింగ్ కింది గొట్టానికి క్లాంపుతో కట్టాలని తేల్చాం. గొట్టం గీసుకుపోకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. మీటరు నిలువుగా ఉండాలని నేను సరిచేయబోతే ఆయన దాన్ని పక్కకి తిప్పారు. గేరు మార్చాల్సిన మూడు వేల అంకె నెత్తి మీదకి రావాలట. అప్పుడు ముల్లు నిటారుగా నిలబడితే చాలు, అంకె చదవక్కర్లేదు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పక్కర్లేదు. నాలుగేళ్ల చదువులో నాకు ఇంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఆయన బానెట్ కిందికి వెళ్లారు. మీటరు నుంచి వచ్చే ఆకుపచ్చ వైరుని ఇంజిన్ కాయిల్‌కి కలపాలి. నేను సీటులో వెల్లకిలా పడుకుని క్లాంపు బిగిస్తున్నాను. అక్కణ్నించే కేకేశారు.

"అబ్బాయ్, మీటరు వెనకాల రబ్బరు బిరడా ఉంటది. తీస్తే లోపల సిలిండర్ల స్విచ్చి, ఇంజిన్‌కి ఎన్ని సిలిండర్లో మీటరుకి చెప్పేది. ఎనిమిదిలో ఉందా చూడు."

క్లాంపు అప్పుడే బిగించాను. చూడాలంటే మళ్లీ విప్పాలి. మెడ పట్టేసింది, వేళ్లు చలికి మొద్దుబారాయి.

"ఉంది అంకుల్" అన్నాను.

అబద్ధం చెప్తున్నానని కూడా నాకప్పుడు అనిపించలేదు. అదే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మా కాలేజీలో ల్యాబ్ సార్ "అయిందా?" అని అడిగితే "అయింది సార్" అనడమే మాకు తెలుసు. రికార్డు సీనియర్ల దగ్గర్నుంచి వచ్చేది. స్ప్రింగ్ ప్రయోగంలో ముందు జవాబు రాసుకుని, దానికి సరిపోయే రీడింగులు వెనక్కి లెక్కగట్టుకునేవాళ్లం. ఎవరి రీడింగైనా తేడా వస్తే తప్పు కుర్రాడిది, పరికరానిది కాదు. అలా పెరిగిన నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

కారులో కొత్తదేది బిగించినా బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేయడం వాళ్ల ఇంటి అలవాటు. ఆ రోజు ప్రార్థన ఆంటీ చేశారు. "నిజం బయటపెట్టు తండ్రీ" అన్నారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

కారుని డ్రైవ్‌వేలో పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, అంకుల్ కళ్లు మూసుకున్నారు. ఆంటీ పక్కసీటులో చర్చి బులెటిన్ వెనకవైపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. అంకుల్ యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకుని, "పదిహేను వందలు" అన్నారు. ముల్లు రెండు వేల మీద ఉంది. ఆంటీ రాసుకున్నారు. అంకుల్ ఇంకాస్త తొక్కి, "రెండు వేలు" అన్నారు. ముల్లు ఇరవై ఏడు వందలకి కాస్త కింద. "ఇది మూడు వేలు. నో డౌట్" అన్నారు, మొహం వెలిగిపోతూ. ముల్లు నాలుగు వేల మీద ఉంది.

ఆంటీ గెలిచినట్టు కనిపించలేదు. కాగితం మెల్లగా ఆయన చేతిలో పెట్టారు. అంకుల్ అంకెల్ని చూశారు, మీటరుని చూశారు, తర్వాత వెనకసీటులో ఉన్న నావైపు తిరిగారు. "స్విచ్చి ఎనిమిదిలోనే ఉంది కదూ?" అన్నారు.

"ఆఁ అంకుల్."

ఇంజిన్ ఆపేశారు. కిందికి దిగి, తలుపు ఎప్పటికన్నా మెల్లగా వేసి, లోపలికెళ్లిపోయారు.

మర్నాడు ఆదివారం చర్చిలో అంకుల్ పాడలేదు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆయనే, శృతి తప్పితే వెనక్కి తిరిగి చూసేదీ ఆయనే. ఆ రోజు పుస్తకం తెరిచి పట్టుకుని పెదవులు కదపకుండా నిలబడ్డారు. ఇంట్లో టీవీ పెట్టడం మానేశారు. కారు అమ్మకానికి ప్రకటన పెట్టారు. క్రాన్‌బర్న్ నుంచి ఒకతను వచ్చే శనివారం చూడ్డానికొస్తానన్నాడు. "ఎందుకండీ, ఊరికే అన్నాను, ఉంచుకోండి" అని ఆంటీ బతిమాలారు. "పాతికేళ్లు నేను ఓకే చేసి పంపిన ఇంజిన్లల్లో ఎన్ని తప్పులున్నాయో" అన్నారాయన. మాట ఆవిడకే చెప్పినా, వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాకూ వినపడింది. అయినా నాకు స్విచ్చి గుర్తు రాలేదు. ముసలితనం పాపం అనుకున్నాను. ఆయన మీద జాలిపడ్డాను కూడా.

గురువారం యూనివర్సిటీలో కొలత పరికరాల ల్యాబ్. నా రీడింగులన్నీ ఎక్కువొస్తున్నాయి. పాత అలవాటు కొద్దీ వాటిని సరిచేసి రాస్తుంటే మా ట్యూటర్, నాకన్నా చిన్నమ్మాయి, పెన్ను పట్టుకుని ఆపింది. తప్పుని దాచకు, దాన్ని చూడు, అంది. మనిషి తప్పు చేస్తే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. ప్రతిసారీ ఒకే వంతున ఎక్కువొస్తే మనిషిని వదిలేసి పరికరాన్ని అనుమానించు, అంది.

టార్నీట్ రైల్లో కూర్చున్నాక ఆంటీ రాసిన అంకెలు కళ్ల ముందుకొచ్చాయి. పదిహేను వందలకి రెండు వేలు. మూడు వేలకి నాలుగు వేలు. ప్రతిసారీ మూడుకి నాలుగు. అంటే ఆరుకి ఎనిమిది. ఆ యూట్‌ది ఆరు సిలిండర్ల ఇంజినై ఉంటుంది. మీటరు ఇంకా ఆ ఆరింటి లెక్కే కడుతోంది. అంకుల్ చెవి ఒక్కసారి కూడా తప్పలేదు.

స్టేషన్ నుంచి ఇంటిదాకా దాదాపు పరిగెత్తాను. గరాజ్‌లో ఎవరూ లేరు. క్లాంపు విప్పి, బిరడా పీకి, ఫోన్ లైటు వేసి చూశాను. ఆరు. పెన్ను మొనతో అటు జరిపితే చాలు, అంతా సర్దుకుంటుంది. వైరు లూజైంది అంకుల్, ఇప్పుడు సరిచేశాను అని చెప్తే ఆయన సంబరపడతారు, నన్ను మెచ్చుకుంటారు కూడా. ఆ మాట నోట్లో తయారుగా ఉంది. నామీద నాకే రోత పుట్టింది.

అడుగుల చప్పుడుకి తిరిగి చూస్తే అంకుల్. కారు కడగడానికి బకెట్‌తో వచ్చారు, కొనేవాడి కోసం.

"ఏం చేస్తన్నావబ్బాయ్?"

"వైరు అంకుల్..." అని ఆగిపోయాను. తర్వాత ఎలా చెప్పానో నాకే తెలియదు. "స్విచ్ ఆరులో ఉందంకుల్. ఆ రోజు నేను చూడలేదు. చూడకుండానే ఉందని చెప్పాను. రెండోసారి మీరడిగినప్పుడు కూడా. మీ చెవి కరెక్టే అంకుల్. ప్రతిసారీ కరెక్టే."

ఆయన బకెట్ కింద పెట్టారు. తిడతారనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. ఆయన మీటరు నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, స్విచ్చిని తనే ఎనిమిదికి జరిపారు. బిరడా పెట్టారు. మూడు వేలు నెత్తి మీదకి వచ్చేలా తిప్పి బిగించారు. ఆ తర్వాత నన్ను ఎక్కమన్నారు.

డ్రైవ్‌వేలోనే కళ్లు మూసుకుని తొక్కి పట్టుకున్నారు. "మూడు వేలు" అన్నారు. ఈసారి గొంతులో మునుపటి ధీమా లేదు, అడుగుతున్నట్టుగా ఉంది. ముల్లు నిటారుగా నిలబడింది.

"మూడు వేలే అంకుల్" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆ చప్పుడుకి ఆంటీ గుమ్మంలోకి వచ్చారు. అంకుల్ అద్దం దించి, "ఆ క్రాన్‌బర్న్ ఆయనకి రావొద్దని చెప్పు" అని అరిచారు. ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుని, "చెవులు మాత్రం టెస్ట్ చేయించాల్సిందే" అన్నారు. ఆ మాట ఆయనకి వినపడిందో లేదో మరి, కారుని వెనక్కి తీసి రోడ్డెక్కించారు.

ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యాయి. నేను క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆయనే ముందు మాట్లాడారు, నావైపు చూడకుండా.

"ఆ రోజు నువ్వు 'ఉంది అంకుల్' అన్నప్పుడే నీ గొంతు తేడాగా వినపడిందబ్బాయ్. చదువుకున్న పిల్లోడివి, నిన్ను అనుమానిస్తే ఏం బాగుంటదని ఊరుకున్నా. నా చెవినైనా కాదనుకున్నా గానీ నిన్ను కాదనుకోలా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముందు రౌండబౌట్ వస్తుండగా ఆయన గేరు తగ్గించి, మామూలు గొంతుతో, "సీటుబెల్టు పెట్టుకున్నావా?" అని అడిగారు.

ఆఁ అనబోయి ఆగాను. చెయ్యి పెట్టి తడిమి చూసుకుని, అప్పుడు చెప్పాను.