రాజు అంగీ మీది ఏనుగు

మా ముందు గదిలో ఫ్యాను రెగ్యులేటరుకు అయిదు అంకెలున్నాయి. ఒకటి నుంచి నాలుగు దాకా ఎక్కడ పెట్టినా ఫ్యాను ఒకే వేగంతో తిరుగుతుంది. అయిదులో పెడితే ఊడి మీద పడుతుందేమోనన్నంత చప్పుడు చేస్తుంది. గురజాలలో ఉన్న ఎలక్ట్రీషియన్ని అడిగితే అన్నీ అంతేనన్నాడు. అప్పట్నుంచి అంకెలేసి వరసగా పేర్చిన దేన్నీ నేను పూర్తిగా నమ్మను.

ఆ రోజు మాత్రం నమ్మక తప్పలేదు. మెడకు కుడిపక్క, దవడ కింద, శనగగింజంత గడ్డ కొన్నాళ్లుగా నాతో కాపురం చేస్తోంది. నరసరావుపేటలో డాక్టరు దాంట్లో సూది గుచ్చి, ఏదో లాగి, పరీక్షకు గుంటూరు పంపాడు. ఏమీ ఉండకపోవచ్చని, క్యాన్సరే అయితే ఎన్నో నంబరు గ్రేడో తెలుస్తుందని చెప్పాడు. మాచర్ల బస్సెక్కేలోపే ఆ మాటలో మొదటి సగం మర్చిపోయాను. రెండో సగం నాతోపాటే దిగి ఇంటికొచ్చింది.

రిపోర్టు మర్నాడు మధ్యాహ్నానికి ఫోనుకు వస్తుందన్నారు. తెల్లారగానే నా భార్య దాచేపల్లిలో తను పాఠాలు చెప్పే బడికి వెళ్లింది. నాకు పంటి నొప్పని ఆమెకు చెప్పి ఉంచాను. ఇంట్లో మిగిలింది మా మేనత్త, నాన్నకు అక్క. మెడ మీది ప్లాస్టరు చూసి ఏందిరా అది అనడిగితే, దోమ కుట్టిందన్నాను. కుట్టిన దోమకల్లా ప్లాస్టరు వేసే కుటుంబం కాదు మాది. ఆమె మిరపకాయలు ముందేసుకుని తొడిమలు తీయడానికి కూర్చుంది.

ఫోను బోర్లా పెట్టుకుని కూర్చున్నాను. అది ఒకసారి గుర్రుమంది. గుండె గొంతులోకొచ్చి గడ్డను పలకరించి పోయింది. తీరా చూస్తే, నా డేటా సగం అయిపోయిందని కంపెనీవాళ్ల కబురు. అంతకంటే మంచి వార్త ఈ మధ్య నేను వినలేదు.

చేతులు మళ్లీ ఫోను దగ్గరికి పోకుండా ఉండాలంటే వాటికేదో పని చెప్పాలి. నాకు తెలిసిన పని పాత నాణేలు చూడడం. అత్తయ్య ట్రంకుపెట్టెలో, కుంకుమ భరిణెలో, వెండి రూపాయి ఒకటుంది. చిన్నప్పటినుంచీ దాన్ని చూడాలని నా కోరిక. ఎప్పుడడిగినా కసిరేది. ఆ రోజు అడగ్గానే, మిరపకాయల తొడిమలు తీస్తున్నదల్లా లేచి, తాళం చెవి చేతిలో పెట్టింది. భయపడాల్సింది నేను అక్కడే.

నాణేలు సేకరించేవాళ్లు, ఎంత అరిగిందో చూసి, నాణేనికి ఒకటి నుంచి డెబ్బై దాకా అంకె వేస్తారు. ఒకటంటే, ఇది నాణెమని తెలుస్తోంది, అంతే. డెబ్బై అంటే దాన్ని మనిషి చెయ్యి తాకలేదు. అంచులు పట్టుకుని, కిటికీ వెలుతురులో వంచి, భూతద్దం పెట్టాను. ముందు ఎత్తుగా ఉన్నచోట్లు చూడాలి, ఎందుకంటే అరుగుదల అక్కడే మొదలవుతుంది. కిరీటం పెట్టుకున్న రాజు. అంగీ మీద చిన్న ఏనుగు. చాలా రూపాయల్లో ఆ ఏనుగు అరిగి పందిలా కనిపిస్తుంది. దీంట్లో తొండంతో సహా నిలబడి ఉంది. అరవైకి పైనే వేయొచ్చు. ఒక్క క్షణం గడ్డ సంగతి మర్చిపోయాను.

తిరగేశాను. రెండోవైపు పూలతీగె అంతా మసకబారి, మధ్యలో గుండ్రంగా పసుపురంగు. పాతబడ్డ వెండికి అలాంటి రంగు పడుతుందని, కొందరు దానికోసమే కొంటారని తెలుసు కాబట్టి ముచ్చటపడ్డాను. తర్వాత అనుమానమొచ్చింది. చేతులు మారిన రూపాయి రెండువైపులా అరగాలి. చేతులు మారనిదైతే రెండువైపులా మెరవాలి. ఒకే వైపు ఇలా ఎందుకయింది? గోటితో గీరితే మైనం వచ్చింది.

అత్తయ్యనే అడిగాను. ఆమె తొడిమలు తీస్తూనే చెప్పింది. మా తాతకు, నాయనమ్మకు, బాబాయికి, పోయినప్పుడు నొసట పెట్టిన రూపాయి అది. మైనం అద్ది అంటిస్తారు. పాడె లేచేముందు ఆడపడుచు దాన్ని తీసేసి మామూలు రూపాయి పెట్టాలి. తీసినదాన్ని పసుపునీళ్లలో కడిగి, మళ్లీ భరిణెలో దాచాలి. మా ఇంట్లో ఆ ఆడపడుచు ఆమే.

"రాజు పైకి చూడాల. తిరగేసి పెట్టకూడదు," అంది.

రాజు అంత భద్రంగా ఉండడానికి కారణం తెలిసింది. ఆయన ఎప్పుడూ ఎవరినీ తాకలేదు. మా ఇంటి దూలాలు చూసి వెళ్లాడంతే. తాకిందంతా పూలతీగె వైపు. నేను దాన్ని కంటికి ఆనేంత దగ్గర పెట్టుకున్నాను. చెమట తుడుచుకుందామని ఆ చెయ్యే ఎత్తాను. రూపాయి నొసటికి తగిలింది. చల్లగా, సరిగ్గా సరిపోయినట్టు ఉంది. చెయ్యి తీసినా, మైనానికి అంటుకుని అక్కడే ఉండిపోయింది.

అప్పుడే ఫోను మళ్లీ గుర్రుమంది.

బోర్లా ఉన్నదాన్ని తిప్పితే గుంటూరు ల్యాబు పేరు కనిపించింది. దాని కింద ఒక ఫైలు. వేలు చాపాను గాని ఆ ఫైలు దాకా పోలేదు, గాల్లోనే ఆగింది. వేలు నాదే, మాట మాత్రం వినడం లేదు.

అత్తయ్య లేచొచ్చింది. కారం చేతిని చీర కుచ్చెళ్లకు తుడుచుకుని, నా నొసటి మీదినుంచి రూపాయి తీసుకుంది. ఫోను వైపు చూడలేదు. మెడ మీది ప్లాస్టరునే చూసింది.

"ఈసారికి ఇది నాకోసం పెట్టుకున్న రూపాయిరా. నా తర్వాతే ఎవరికైనా. ముందు ఆ ఫోను తెరువు."