మా రేవతక్క బోరు

నిన్న పొద్దున తిరుపతి బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది.

రేవతక్క ఇక లేదట. హార్ట్ ఎటాక్.

ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయాను. చిత్తూరు బస్సు నా ముందే వెళ్ళిపోయింది.

మొన్ననే కదా మాట్లాడింది. మళ్ళీ షిప్ ఎక్కుతున్నానని, స్వెట్టర్లు ఎండలో వేశానని.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. అక్క మా పెదనాయన కూతురు. దక్షిణ ధ్రువం దగ్గర సముద్రం మీద గడ్డకట్టిన మంచు ఎంత మందం ఉందో కొలవడం ఆమె పని. మంచులోకి డ్రిల్లు దింపుతారు. కింద సముద్రపు నీళ్ళు తగిలిన చోటిదాకా కొలుస్తారు.

మా ఇంట్లో దాన్ని "అక్క బోరు" అనేవాళ్ళం.

పెదనాయన మామిడితోటలో బోర్లు వేయించి వేయించి అలిసిపోయిన మనిషి. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అందుకే అక్క మొదటిసారి వెళ్తుంటే తిరుచానూరు అమ్మవారి కుంకుమ ఇచ్చి, డ్రిల్లుకు బొట్టు పెట్టి మొదలుపెట్టమన్నాడు.

పెట్టింది. డ్రిల్లు దిగీ దిగకముందే నీళ్ళు పైకొచ్చాయి.

"నీళ్ళు పడినాయి!" అని అక్క ఎగిరి గంతేసిందట. టీమ్‌లో ఒక్కరూ నవ్వలేదట. అంతకుముందు అదే చోట ఎంతో లోతు దింపిన వాళ్ళు వాళ్ళు. మంచు అంత పలచబడిపోయిందని వాళ్ళకు అర్థమైంది.

ఈ కథ చెప్పించుకుని ఎన్నిసార్లు ఏడిపించామో అక్కని. తనూ నవ్వేది.

పోయినసారి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. తోటలో పెదనాయన పక్కన కూర్చుని మెల్లగా అంది.

"ఈడ నీళ్ళు పడలేదని నువ్వు ఏడుస్తాండావు నాయనా. ఆడ బిరీన పడతాండాయని నేను ఏడుస్తాండా."

ఆ తర్వాత అక్క ఎప్పుడు ఫోన్ చేసినా పెదనాయన ముందు ఆ మంచు సంగతే అడిగేవాడు.

నిన్న సాయంత్రం పెదనాయన ఇంటికి అక్క టీమ్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఈసారి అక్క బదులు తనే వెళ్తుందట. పెదనాయన లోపలికి వెళ్ళి, అక్క ప్రయాణానికని తెచ్చిపెట్టిన కుంకుమ పొట్లం తీసుకొచ్చాడు. మైలలో కుంకుమ ఇవ్వకూడదని ఎవరో గొణిగారు. ఆయన వినలేదు.

"డ్రిల్లుకు బొట్టు పెట్టు తల్లీ. నీళ్ళు తొందరగా పడకూడదని మొక్కుకో."

జీవితమంతా నీళ్ళు పడాలని మొక్కిన మనిషి. నాకు దుఃఖం ఆగలేదు.

ప్రశాంతంగా నిద్రపో అక్కా. నీ మొక్కు ఇక మాది.